తడి గరిటె

మనసులో ఏముందో చదివే సాక్షిపెట్టెను సర్కారు ఇంటింటికీ బిగించాక, చట్టం చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది. మొన్న మా పాప గ్లాసు పగలగొట్టి, మా అత్తగారితో "ఇది నిర్లక్ష్యమే నానమ్మా, దురుద్దేశం కాదు" అని వాదించింది. గోడమీది పెట్టె కూడా అదే నిజమంది.

నా తోడికోడలు శాంభవి పెట్టిన ఆవకాయను ఈ రోజు కూడా మా అత్తగారు చుట్టాల ముందు తెగ పొగిడింది. నేను పెట్టింది ఎవరూ ముట్టలేదు. నాకు కడుపు రగిలిపోయింది. వంటింట్లోకి వెళ్లి, గరిటెను కుళాయి కింద తడిపి, శాంభవి జాడీ మూత తీశాను. తడి తగిలితే ఊరగాయకు బూజు పట్టక మానదు.

"దురుద్దేశం ఉంది. సన్నాహం జరిగింది. గరిటె ముంచితే నేరం," అంది సాక్షిపెట్టె.

గరిటెను జాడీ మీదే ఆపేశాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో శాంభవి. నా చేతిలోంచి గరిటె తీసుకుని కొంగుతో పొడిగా తుడిచింది.

"దాని మాటలకేం గానీ అక్కా, నిన్న నీ గద్వాల చీర ఇస్త్రీ చేస్తుంటే నన్నూ ఇలాగే అంది. అది కట్టుకుంటే అందరూ నిన్నే చూస్తారు కదా! ఇస్త్రీపెట్టె చీర మీదే వదిలేద్దామనుకున్నా," అంది నేల చూపులు చూస్తూ.

నిజానికి నాకు ఒళ్లు మండాలి. కానీ ఎన్నాళ్లనుంచో ఉన్న కడుపుమంట చల్లారింది. చుట్టాలు తిన్నాక మా భోజనాల దగ్గర మొదటిసారి ఆమె ఆవకాయ అడిగి మరీ వేయించుకున్నాను.

చీర మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాను.