ఖాళీ గడి

"అమ్మా, నాన్నమ్మకి ఇక్కడ ఏం రాయను?"

కూతురు హోంవర్కు పుస్తకం పట్టుకుని నాన్నమ్మ మంచం పక్కన నిలబడింది. ఇంట్లో ఉన్నవాటిలో ఏవి జీవులో, ఏవి కావో పట్టిక వేయమన్నారట. ఊపిరి, ఆహారం, ఎదుగుదల... పిల్లికీ, కుండీలో మొక్కకీ అన్ని గడులూ నిండాయి. నాన్నమ్మ వరసలో 'ప్రతిస్పందన' ఒక్కటే ఖాళీ.

"లేదని రాయి. మూడు నెలలుగా కట్టెలా పడుంటే ఇంకేం ప్రతిస్పందన?" అంది ఆ పెద్దావిడ కోడలు, దుప్పటి మడతపెడుతూ.

"ఉందని రాయి తల్లీ," అంది ఆయా, పెద్దావిడ తల దువ్వుతూ.

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావ్?"

ఆయా పెద్దావిడ భుజం కింద చెయ్యి వేసింది. "పెద్దమ్మగారూ, కుడివైపు తిప్పుతున్నానండీ," అని చెప్పి మరీ తిప్పింది. ఏ పనైనా ముందు ఆవిడకి చెప్పాల్సిందే.

"గోడకి కబుర్లు చెప్పినట్టుంది!" కోడలు నవ్వింది. "ఈ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో, దీని చదువు బల్ల ఎప్పుడు వేస్తామో."

దువ్వెన ఆగింది.

"అమ్మగారూ, ఆ మాటలు బయట అనుకోండి."

"నా ఇంట్లో నేనెక్కడ మాట్లాడాలో నువ్వు చెప్తావా?"

సాయంత్రానికల్లా ఆయాని పంపిన ఏజెన్సీకి ఫిర్యాదు వెళ్ళింది. ఆయా సంచీ సర్దుకుని, పెద్దావిడ చెవి దగ్గర వంగింది.

"రేపట్నించి ఇంకొకావిడ వస్తారండీ. కంగారు పడకండి."

కొత్త ఆయా నోరు విప్పని మనిషి. పని మాత్రం చకచకా చేసేది. పదో రోజు పొద్దున్నే అత్తగారి ఊపిరి ఆగిపోయింది.

అద్దె మంచం తీసుకెళ్ళడానికి ఏజెన్సీ ఆవిడ వచ్చింది. కిటికీ దగ్గర కూతురి పుస్తకం తెరిచి ఉంది. ఖాళీ గడిలో టీచరు ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టింది.

"ఇంతకీ ఆ పాత ఆయా ఏం తప్పు చేసిందండీ?"

"మంచం పక్కన నేనేదో అంటే, నాకే సుద్దులు చెప్పబోయింది."

"మీరేమన్నారండీ?"

కోడలు చూపు పుస్తకం మీంచి తిప్పేసుకుంది.

"మంచం పక్కన మాటల విషయంలో ఆ ఆయా ఎవరు చెప్పినా వినదండీ," ఏజెన్సీ ఆవిడ మంచం మరలు విప్పుతూ అంది. "ప్రమాదం జరిగాక ఎనిమిది నెలలు తనూ మీ అత్తగారిలాగే పడుంది, పక్కన నిలబడి ఇంట్లోవాళ్ళు ఏమేం అనుకున్నారో లేచాక ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది."