ఆఖరి మంచం

"మీకు రోజుకు నాలుగు వేల అడుగుల వృథా నడక తప్పించాం, సిస్టర్!" క్వాలిటీ ఆఫీసరు కాగితం చూపించాడు. వార్డు చివరనున్న మందుల బీరువాను నర్సు బల్ల పక్కకు జరిపించింది అతనే.

"కాళ్లకు సుఖంగానే ఉంది సార్," అంది నర్సు.

"మరి ముఖం అలా వేలాడేశారేం?"

"పొద్దున ఆఖరి మంచం పెద్దాయన పక్క తడిసిపోయి వణుకుతున్నారు. ఎంతసేపటి నుంచో ఏమో!"

"బెల్లుందిగా, నొక్కచ్చుగా?"

"నేనూ అదే అడిగాను. 'నిన్ను పనిగట్టుకుని పిలవడమెందుకమ్మా, మందుల కోసం ఎలాగూ ఇటొస్తావుగా, అప్పుడు చెబుదామని చూస్తున్నా' అన్నారు."

ఆఫీసరు కాగితం నాలుగు మడతలు పెట్టాడు.

"బీరువా వెనక్కి జరపాలంటే ఇప్పుడు పైవాళ్లు ఒప్పుకోరు, సిస్టర్. రిపోర్టు వెళ్లిపోయింది."

"మీరేం జరపక్కర్లేదు సార్."

నర్సు ఉసూరుమంటూ లేచింది. బల్ల మీదున్న తన నీళ్ల సీసా తీసుకుని వార్డు చివరిదాకా నడిచింది. ఆఖరి మంచం పక్క కిటికీలో దాన్ని పెట్టేసి, ఖాళీ చేతులతో తిరిగొచ్చింది.

"అసలే నాకు దాహం ఎక్కువ," అంది.