జానెడు ఎక్కువ

“ఇది వద్దు, మరీ చిన్నది,” అంది గ్లెనిస్, మొదటి కాగితాన్ని బల్ల అంచుకి తోసేస్తూ.

నోయెల్ తల ఎత్తలేదు. కాగితాలు చుట్టుకుపోకుండా మూలమూలకీ జామ్ సీసాలు పెట్టి ఉన్నాయి. మూడు పడవల నమూనాలు. మూడూ ఇంటి దగ్గరే ప్లైవుడ్‌తో కట్టుకుని, కారు వెనక ట్రైలర్ మీద ఈడ్చుకుపోయే చేపల పడవలే.

“చిన్నది చెరువుకి, మధ్యది ఏటికి, ఈ పెద్దది సముద్రానికి,” అన్నాడు పక్కింటి రావిరి, బిస్కెట్టు టీలో ముంచుతూ. “అయినా అక్కా, మన హోకిటికా ఊళ్ళో ఆడవాళ్ళంతా మొగుళ్ళ పడవలు ఎప్పుడు అమ్మిద్దామా అని చూస్తుంటే, నువ్వేంటి పెద్దది కట్టమంటావు?”

“కట్టేదేదో వెడల్పుగా కడితే బోర్లాపడదు కదా.”

ఆ మాటతో రావిరి బిస్కెట్టు విరిగి టీలో పడిపోయింది. దాన్ని తీసుకునే ధైర్యం కూడా చెయ్యలేదతను.

కిందటి జులైలో, ఆ దేశపు చలికాలంలో, నోయెల్, గ్లెనిస్ తమ్ముడు డెస్ కలిసి చేపలకి వెళ్ళారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల లేచి పడవ బోర్లాపడింది. నోయెల్ ఐసుపెట్టె పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. డెస్ రాలేదు. ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. గ్లెనిస్ ఏడుస్తుందేమోనని ఊరు ఊరంతా కూరగిన్నెలతో వచ్చి మరీ ఎదురుచూసింది. ఆమె ఆ గిన్నెలు తోమి, ఎవరివి వాళ్ళకి పంపేసింది. నోయెల్ కిటికీ పక్కన కూర్చోవడం మొదలెట్టాడు. టీ ఇస్తే తాగేవాడు. ఇవ్వకపోతే అడిగేవాడు కాదు.

అలాంటి మనిషి పోయిన వారం ఉన్నట్టుండి, “పడవ కడతాను. మొగ దాటి వెళ్ళాలి,” అన్నాడు. వెళ్ళి రావాలి అనలేదు. అప్పుడే రావిరికి ట్రైలర్ కూడా పురమాయించేశాడు. రావిరిది వెల్డింగ్ పని.

నోయెల్ వద్దంటే ఆగే రకం కాదు. అందుకని గ్లెనిస్ వద్దనలేదు.

“సరే, పెద్దదే,” అన్నాడు నోయెల్ ఇప్పుడు. ఆ గొంతులో ఇష్టమూ లేదు, కష్టమూ లేదు.

“అయితే ముందు షెడ్డు తలుపు కొలుచుకో బావా,” రావిరి తేరుకున్నాడు. “మా పెదనాన్న ఇలాగే ఉత్సాహంగా కట్టేశాడు. తీరా చూస్తే పడవ గుమ్మంలో పట్టలేదు. ఇప్పుడందులో మా పెద్దమ్మ కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.”

“నేను కొలుస్తా,” అని గ్లెనిస్ టేపు పట్టుకుని వానలోకి నడిచింది.

ఆ షెడ్డు కట్టింది బావా బావమరుదులే. గోడలు డెస్ పేర్చాడు, తలుపు నోయెల్ చేశాడు. డెస్ పేర్చిన గోడ మీద నోయెల్ సుత్తి పడదు. అది గ్లెనిస్‌కి తెలుసు. తలుపు సంగతే తేలాలి.

టేపు తన లెక్క తను చెప్పింది. పడవ నడుము కంటే తలుపు జానెడు తక్కువ.

“పడుతుంది!” అని గ్లెనిస్ కేకేసింది. “ఇంకా జానెడు మిగుల్తుంది కూడా!”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నోయెల్ తలుపుకేసి చూశాడు. తర్వాత పెళ్ళాంకేసి చూశాడు.

“నువ్వు కొలిచావుగా. చాలు,” అన్నాడు.

పడవ కట్టడానికి ఏడాది పట్టింది. షెడ్డులోంచి జిగురు వాసన వచ్చి రొట్టెల్లో దూరింది. నోయెల్ పడవ వెన్ను నిలబెట్టాడు, పక్కటెముకలు బిగించాడు, ప్లైవుడ్ వంచి మరలు దింపాడు. గ్లెనిస్ గరుకు కాగితంతో రుద్దింది. రుద్దుతుంటే చెయ్యి మొద్దుబారేది. మిగతా ఒళ్ళంతా ఎప్పుడో మొద్దుబారింది కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు. ఒకరోజు నోయెల్, “టీ ఏదీ?” అని అడిగాడు. ఇంకోరోజు పులుసులో ఉప్పు తక్కువైందన్నాడు. ఆమె ఉప్పు డబ్బా తెచ్చిచ్చి, గదిలోకెళ్ళి కాసేపు మంచం మీద కూర్చుంది.

“రావిరీ, ట్రైలర్ ఎంతవరకు వచ్చింది?” అని కంచె మీదుగా అడిగేది అప్పుడప్పుడు.

“అదా… నడుస్తోంది అక్కా,” అని అతను బూట్లకేసి చూసుకునేవాడు. బద్ధకస్తుడు, ఇంకా మొదలెట్టి ఉండడులే అనుకునేదామె. ఆ ఇనుమైనా మిగులుతుందని సంతోషించేది.

ఆఖరి రంగు ఆరిన పొద్దున నోయెల్ కుంచెలు కడిగి, ఆరబెట్టి, “అయిపోయింది,” అన్నాడు. గ్లెనిస్ ఇప్పుడు టేపు తీస్తాడు, ఇప్పుడు తిడతాడు అని చూసింది. అతను టేపు తియ్యలేదు. టీ కప్పు పట్టుకుని పడవెక్కి, షెడ్డు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఇక ఆమె వల్ల కాలేదు. తను కాల్చిన స్కోన్ రొట్టెల పళ్ళెం ఒకటి పట్టుకుని రావిరి దగ్గరికి వెళ్ళింది.

“ఆ పడవ బయటికి రాదు,” అంది పళ్ళెం చేతికివ్వకుండానే. “ఆ రోజు అబద్ధం చెప్పాను. జానెడు మిగలడం కాదు, తక్కువ. మొగలోకి పోతే ఈయన కూడా తిరిగి రాడని… ఆయనతో నేనే చెప్పుకుంటాను, తిడితే పడతాను. నువ్వు మాత్రం ఆ ట్రైలర్ ఎవరికన్నా అమ్మేసుకో.”

రావిరి వెల్డింగ్ ముసుగు పైకెత్తాడు. పళ్ళెంకేసి చూశాడు, షెడ్డుకేసి చూశాడు.

“నీతో అనొద్దన్నాడు గానీ,” అన్నాడు చివరికి, “ఏ ట్రైలరక్కా?”

“అదే, ఆయన పురమాయించింది.”

“నువ్వు తలుపు కొలిచిన రోజే వద్దనేశాడు.”