మోదుగ గుట్ట

గోదాములో ఆకు తూకం నడుస్తుండగా ఒక ముసలాయన వచ్చి, కర్ణాకర్ ముందు నరికిన మోదుగ కొమ్మ పెట్టాడు.

కర్ణాకర్ సిద్దిపేటలో విస్తరాకుల వ్యాపారి. ప్లాస్టిక్ పళ్లేలు వద్దనుకున్న జర్మనీ వాళ్లు మోదుగ విస్తర్లు అడిగారు. ఆర్డరు రెట్టింపయ్యేసరికి ఆకు ధర పెరిగింది. ధర పెరిగాక ఒక్కో ఆకూ తెంపే ఓపిక ఎవరికీ లేకపోయింది. చెట్టే నరికి తెచ్చి, ఇంటి ముందు కూర్చుని ఆకు దూస్తున్నారు.

"కొసకు రెండాకులు ఇడిచి తెంపుడు మా పద్ధతి. గిప్పుడు మా గుట్టమీద మొదలుకే నరుకుతున్రు సేటూ. నరికిన ఆకు కొననని నువ్వొక్క మాటంటే ఆగుతది."

"నేను కొనకుంటే ఇంకొకడు కొంటడు. గుట్ట నీ పట్టానా తాతా?"

"కాదు."

"మరి నీకేం నష్టం?"

ముసలాయన చిన్న మూట బల్లమీద పెట్టి, మోదుగ గింజలన్నాడు. తనకిక గుట్ట ఎక్కే కాళ్లు లేవని, తొలివానకు ఎవరితోనైనా చల్లించమని చెప్పి వెళ్లిపోయాడు.

లాభం లేని మాటకు తూకమెందుకు అనుకున్నాడు కర్ణాకర్. కాటా ఒకవైపు ఒరుగుతోంది. మూటను దాని కాలి కింద పెట్టించాడు.

వానలు వచ్చి పోయాయి. కాటా కదల్లేదు.

దసరా దాటాక, సరుకు కొనే జర్మనీ సంస్థ తరఫున భువన హైదరాబాద్ నుంచి వచ్చింది. అడవి నరికి తెచ్చిన సరుకు కొనకూడదన్నది ఆ సంస్థ నియమం. ఉపగ్రహం తీసిన మూడు ఫోటోలు ఆమె ల్యాప్‌టాప్‌లో చూపించింది. కర్ణాకర్‌కు ఆకు వచ్చే, తొగుట వైపు గుట్ట. పదిహేనేళ్ల కిందట బోడి. పోయినేడు పచ్చన. ఇప్పుడు మళ్లీ బోడి.

ఆర్డరు రద్దయిందని మెల్లగా చెప్పింది.

"వేరే గుట్ట నుంచి తెప్పిస్త మేడం."

"ఈ గుట్టను చూసే మీకు ఆర్డరిచ్చినం సార్. ఒక్క మనిషి నీళ్లు మోసి పెంచిన చెట్లు ఇవి."

"అయితే ఆయన్నే పిలిపిస్త. ఎంత అడిగితే అంత ఇస్త. మల్ల పెంచమంట."

"ఇంకో పదిహేనేండ్లు ఆయన దగ్గర ఉన్నయా సార్?"

లెక్కల మనిషి కర్ణాకర్‌కు ఆ లెక్క తేలలేదు.

భువన ఇంకో ఫోటో తెరిచింది.

భుజాన కావడి, పక్కన మోకాలెత్తు మోదుగ మొక్క; దాన్ని పెంచినవాడు, గుట్ట నీ పట్టానా అని కర్ణాకర్ అడిగిన ఆ ముసలాయనే.