ఊత తీసే చప్పుడు

తన చెల్లెలి మొగుడు రాళ్ల కింద నలిగి చనిపోయిన చోటే కాంట్రాక్టరు రాతి కమానును మళ్లీ కట్టించాడు. మొదటిసారి కట్టిన మేస్త్రీ ఆ మొగుడే.

కమానులో ప్రతి రాయీ కింద పడాలనే చూస్తుంది, పక్క రాయి పడనివ్వదు. అయితే సున్నం ఆరి రాళ్లు సర్దుకునేదాకా కింద కర్రల ఊత ఉండాలి.

"ఇంకా ఆరలేదు బావగారూ," అన్నాడు మొదటి కమాను కూలిన రోజు మేస్త్రీ.

"నేను చెప్తున్నాగా, తీసెయ్."

తీశాడు. తర్వాత కాంట్రాక్టరు నలుగురిలో మేస్త్రీదే తొందర అన్నాడు. చచ్చినవాడు నోరెత్తడు కదా.

ఈసారి ఊతను నెలల తరబడి ఉంచి, నిన్ననే తీయించి, కర్రలన్నీ లారీకెత్తించాడు. ఈ రాత్రి ఒక్కడే చూసుకోవడానికి కమాను కిందికి వచ్చాడు. నడినెత్తి మీద టక్, టక్‌మని కర్రను సుత్తితో కొడుతున్న చప్పుడు వినిపించింది. టార్చి వేశాడు. పైన రాళ్లే ఉన్నాయి, కర్రన్నదే లేదు. భుజం మీద ఏదో పడింది. తాకి చూస్తే సున్నం, పచ్చిగా ఉంది.

పారిపోదామంటే కాళ్లు కదల్లేదు. కమాను బయట చెల్లెలు నిలబడి ఉంది.

"పైన ఎవరో ఊత తీస్తున్నారమ్మా. ఇంకా ఆరలేదు, ఆగమని చెప్పు."

"ఆ సుత్తి దెబ్బ ఎవరిదో నాకు తెలుసన్నయ్యా."

చప్పుడు ఆగింది, ఆమెను అడిగి చేద్దామన్నట్టు. ఆమె అన్న తల మీదుగా పైకి చూసింది.

"నేను చెప్తున్నాగా," అంది మెల్లగా, "తీసెయ్యండి."