కారమెల్ కరిగేలోపు

పళ్లెంలో ఆరిన కారమెల్‌ను ఎనోరా ముక్కలుగా కోస్తోంది. అంటుకోకుండా కత్తికి మధ్యమధ్యలో వెన్న రాస్తోంది.

తల్లి సోయిజిక్, అమ్మమ్మ పెరిన్ బల్లకు చెరోవైపు కూర్చుని ముక్కలను కాగితాల్లో చుడుతున్నారు.

శనివారం ఎవెన్‌తో ఎనోరా పెళ్లి. వచ్చినవాళ్లందరి చేతుల్లో ఇంట్లో కాచిన కారమెల్ గుప్పెడేసి పెట్టాలి.

బయట సముద్రం మీంచి చెమ్మగాలి వీస్తోంది. చుట్టడం ఆలస్యమైతే ముక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతాయి. అందుకే ఆ ఊళ్లో కారమెల్ కోసిన రోజు గడప తొక్కినవాళ్లెవరైనా ముందు కూర్చుని చుట్టాలి. కబుర్లు తరువాత.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక పెద్దాయన, టోపీ చేతిలో పట్టుకుని. అప్పుడే గడ్డం గీసుకున్నట్టుంది, చెంప మీద చిన్న గాటు.

"రండి రండి, గాలి లోపలికొస్తోంది," అంది సోయిజిక్. చేతులు జిడ్డుగా ఉన్నాయని మణికట్టు అందించింది.

ఆయన ఆ మణికట్టునే పట్టుకుని ఊపాడు.

"నేను..." అని నోరు తెరిచాడు.

పెరిన్ ఆ నోట్లో ఒక కారమెల్ పెట్టేసింది.

"ముందు ఇది తిను నాయనా. కరిగాక చెబుదువుగాని."

కారమెల్ నోట్లో ఉండగా మాట్లాడటం ఎవరి తరమూ కాదు. ముందు ఉప్పు తగులుతుంది. ఇదేమిటా అనుకునేలోపు వెన్న. దాని వెనక, కాలిన చక్కెర చిరుచేదు. పళ్లకు పట్టుకుని ఒక పట్టాన వదలదు.

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా? తగ్గితే పారిస్ వాళ్లు కాచినట్టుంటుంది," అంది పెరిన్.

ఆయన సరిపోయిందన్నట్టు తలూపాడు. కళ్లు తెరిచేసరికి ఆయన ముందు కాగితాల కట్ట ఉంది. చేసేదిలేక చుట్టడం మొదలుపెట్టాడు.

పోయిన తన భర్త తరఫు మనిషై ఉంటాడనుకుంది సోయిజిక్. పెళ్లికని వచ్చినవాణ్ని పేరు అడిగితే ఏం బాగుంటుంది?

అమ్మ వైపు బంధువేమో అనుకుంది ఎనోరా.

"మావయ్యా, చివర్లు ఇంకాస్త మెలిపెట్టండి."

ఆయన ఉలిక్కిపడి ఆ పిల్ల వైపు చూశాడు. తరువాత జాగ్రత్తగా మెలిపెట్టాడు.

నాన్న తరఫున బాబాయి వరసయ్యే మనిషిని పట్టుకుని మావయ్య అంటుందేమిటని సోయిజిక్ తికమకపడింది.

"ఇంతకీ ఎవెన్ వాళ్ల నాన్న పెళ్లికొస్తాడా, రాడా?" అడిగింది పెరిన్.

ఎనోరా చేతిలో కత్తి ఆగింది.

"రాడు. ఆల్చిప్పల పెంపకం వదిలేసి కొడుకు రొట్టెల కొట్టు పెట్టుకున్నాడని కోపం. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడు. నేనింతవరకూ ఆయన మొహమే చూడలేదు. ఎవెన్‌కి నిద్ర ఉండటంలేదు అమ్మమ్మా. ఫోన్ మోగితే చాలు, ఆయనే అనుకుని లేచి పరిగెడుతున్నాడు."

"ఆల్చిప్పలతో బతికే మనిషి కదే. నోరు కూడా అలాగే బిగించుకుంటాడు. కత్తి పెడితేగాని తెరుచుకోదు."

ఎనోరా, సోయిజిక్ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"ఏ మొహంతో రావాలో తెలియలేదేమో ఆయనకి," అన్నాడు.

నోట్లో కారమెల్ కరిగిపోయినట్టుంది.

"ఉన్న మొహంతోనే రావచ్చుగా. మేమేమైనా కొత్త మొహం కొనుక్కురమ్మన్నామా?" అంది ఎనోరా.

"ఒకవేళ వస్తే?"

ఎవెన్ వాళ్ల నాన్న రావాలని ఎనోరా రోజూ కోరుకుంటూనే ఉంది. నోటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"వస్తే ఎక్కడ కూర్చుంటాడు? ఆయన కుర్చీ అకార్డియన్ వాయించే అతనికి ఇచ్చేశాం. అతనైతే పిలిస్తే పలుకుతాడు."

పెరిన్ కట్టుడు పళ్లు ఊడేంతగా నవ్వింది.

ఈసారి పెద్దాయన నవ్వలేదు. చేతిలో ఉన్న ముక్కను చుట్టి, చివర్లు మెలిపెట్టి, కుప్ప మీద పెట్టాడు. టోపీ తీసుకుని లేచాడు.

"అప్పుడే లేచారేం? కాఫీ పెడుతున్నాను," అంది సోయిజిక్.

ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి తలుపు వైపు నడిచాడు.

సోయిజిక్ గొంతు తగ్గించింది. "మీ బాబాయికి కోపమొచ్చినట్టుందే."

"బాబాయేంటమ్మా? ఆయన నీ వైపు కాదా?"

"నా వైపెక్కడ? మీ నాన్న వైపనుకున్నాను."

ఇద్దరూ పెరిన్ వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేం? మీలో ఎవరో పిలిచారనుకున్నా."

అప్పటికే తలుపు తెరుచుకుంది.

పెళ్లికి అద్దెకు తెచ్చిన కుర్చీలను రెండు చేతులా మోసుకొస్తున్న ఎవెన్ గుమ్మంలో ఆగిపోయి, "నాన్నా, వచ్చావా?" అంటుండగానే, పెద్దాయన కొడుకు భుజం మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.