ఎత్తుకొచ్చిన పిల్ల

"నీ కొడుకును ఎత్తుకురాని చేతులకు, పరాయి పిల్లను ఎత్తుకొచ్చే బలం యాడికెల్లి వచ్చింది?"

సూర్యాపేట దవాఖాన మెట్ల మీద అన్నమ్మ అడిగిన మాట అది. రెండేళ్ల తర్వాత మొగుడు అబ్రహాంతో మాట్లాడిన మొదటి మాట కూడా అదే.

అతని భుజం మీద ఆరేళ్ల పిల్ల చలిజ్వరంతో గజగజ వణికిపోతోంది. వెనకాల ఆ పిల్ల తల్లి కాటమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

అన్నమ్మ చేతిలో బకెట్టు కింద పెట్టి పిల్ల నుదురు ముట్టుకుంది. కోపం సంగతి ఆనక చూసుకోవచ్చు.

"ఎన్నొద్దులాయె?"

"నాలుగొద్దులు వదినె," అంది కాటమ్మ. "మూడు పూటలా ప్రార్థన చేసినం. పెద్దయ్య నూనె రాసిండు. తగ్గలే. పొద్దుగాల అబ్రహామన్న వచ్చి పిల్లను భుజానేసుకున్నడు. రోడ్డు మీద పోతున్న మిలిట్రీ లారీ ఆపి ఎక్కించిండు. నాకేం తోచక ఎంబడి వచ్చిన."

కోదాడ పక్క పల్లెలో ఆ పెద్దయ్య నడిపే ప్రార్థన గుడిసె సంగతి అన్నమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు. తొమ్మిదేళ్లు తానూ అందులోనే మెలిగింది. ముక్కుపుల్ల తీసేసింది. తోడబుట్టిన చెల్లెలి పెళ్లికి పోలేదు. మందు ముట్టినవాడు దేవుణ్ణి నమ్మనివాడని పెద్దయ్య చెప్తే అందరితో పాటు తలూపింది. కొడుకు దానియేలు ఇదే జ్వరంతో పోయిన వారానికి గుడిసె గడప దాటి వచ్చేసి, ఈ దవాఖానలో ఆయా పనికి కుదిరింది.

లోపల డాక్టరు పిల్ల కనురెప్పలు విప్పి చూశాడు. పొట్ట నొక్కి చూశాడు.

"మలేరియా. క్వినైన్ గోలీ పొడి చేసి పట్టించాలి. ఇంకా ఆలస్యం చేస్తే చేతికి దక్కదు."

గోలీ అనగానే కాటమ్మ పిల్లను గుంజుకుని గుండెకు అదుముకుంది.

"వద్దు సారూ. గోలీ మింగితే మమ్ముల వెలేస్తరు. బాయి కాడ నీళ్లు గూడ తోడుకోనియ్యరు."

"పిల్ల బతికితే నీళ్లు యాడనన్న దొరుకుతయ్ కాటమ్మా," అంది అన్నమ్మ.

"నీకేం వదినె. నువ్వు దేవుణ్ణి ఇడిసిపెట్టి వస్తివి."

అన్నమ్మకు ఆ మాట కలుక్కుమంది. మెల్లగా చెప్పింది.

"ఇడిసిన్నో లేదో నాకే ఎరుక లేదు. పొద్దుగాల లేవంగనే చేతులు జోడిస్త. మాటలు రావు. ఇగ లేసి చీపురు పడత. ఎవరి పుండుకో కట్టు కడత. నాకు తెలిసిన తొవ్వ ఇప్పటికి గంతే."

కాటమ్మ ఎటూ తేల్చుకోలేక అబ్రహాం వైపు తిరిగింది.

"అన్నా, గుడిసెల పెద్దయ్య తర్వాత నీ మాటే మాట. నువ్వు జెప్పు."

అబ్రహాం డాక్టరు చేతిలోంచి మందు గిన్నె తీసుకున్నాడు.

"అబ్రహాం బలవంతంగ పోసిండని చెప్పు. వెలేస్తే నన్నే వెలేస్తరు," అంటూ పిల్ల దవడ పట్టి నోట్లో పోశాడు. చేదుకు పిల్ల గుక్క పట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని కాటమ్మ కూడా ఏడ్చింది కాని, అడ్డం రాలేదు.

పొద్దు వాలే వేళకు పిల్లకు చెమటలు పోసి జ్వరం జారింది. గంజి కావాలని అడిగింది. అది చూశాక అన్నమ్మ చెంబుతో నీళ్లు తీసుకుని బయటికి వచ్చింది. అబ్రహాం వేప చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. రెండేళ్లలో గడ్డం సగం తెల్లబడింది.

"పిల్లగాడు పోయినంక గూడ గా గుడిసెల ఎట్ల కూసున్నవ్?" అడిగింది చెంబు అందిస్తూ.

"బయటికొస్తే తప్పు చేసిన్నని ఒప్పుకున్నట్టే గద. ఒప్పుకుంటే, వాడు ఉత్తగనే పోయినట్టయితది. గందుకే ఇంక గట్టిగ పట్టుకున్న." నీళ్లు తాగకుండా చెంబు చేతిలోనే ఉంచుకున్నాడు. "ఈ పిల్ల వణుకుడు సూసినంక నా వశం కాలే."

అన్నమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అతన్ని తిట్టుకోని రోజు లేదు ఈ రెండేళ్లలో. ఇప్పుడు తిడదామంటే నోరు రావడం లేదు.

"నాలుగు గోలీలు. కోదాడలనే దొరికేటియి. నాలుగు గోలీలు తెస్తే బతికేటోడు," అంది.

అబ్రహాం చెంబు నేల మీద పెట్టాడు.

"తెచ్చిన," అన్నాడు.

అన్నమ్మ అర్థం కానట్టు చూసింది.

"కాంపౌండర్ కాళ్లు పట్టుకుని ఆరు గోలీలు తెచ్చిన. పెద్దయ్య వెలేసినా సరే, మింగియ్యాల్నని ఇంటి తడిక దాక వచ్చిన. ఆడికెల్లి మర్లిపోయి వాగుల ఏసిన."

"తడిక దాక తెచ్చి? ఎందుకేసినవ్?"

"లోపల నువ్వు పిల్లగాని పక్కన మోకాళ్ల మీద ఉన్నవ్. 'దేవా, నాకు అనుమానమొస్తున్నది, నా పెనిమిటికున్నంత నమ్మకం నాకు గూడ ఇయ్యి' అని ఏడుస్తున్నవ్."